వంటకత్తి: తెగని వాదన

తెలుగువాళ్ల వంటకత్తుల కథంతా ఒకేచోట చూడాలంటే హైదరాబాద్ ఉత్తర శివారు చాలు. మాజీ సైనికుల కోసం కేటాయించిన భూముల్లో మొదలై, తర్వాత పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబాలతో నిండిపోయిన ఊరు జవహర్‌నగర్. అక్కడి ఒంటిగది ఇళ్లలో చాలావాటికి వంటగట్టు ఉండదు. గోడవార ఒరగబెట్టిన కత్తిపీట ఉంటుంది. అదే జవహర్‌నగర్ చిరునామాతో 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం లాంటి చోట హాస్టల్ పిల్లలకు కావలసింది జామకాయ కోసుకునే చిన్న మడత చాకు. శామీర్‌పేట వైపు లేచిన అపార్టుమెంట్లలో గ్రానైట్ గట్టు మీద చెక్క స్టాండులో ఐదారు కత్తులు గుచ్చి ఉంటాయి. కార్తీకమాసం వస్తే చెరువు గట్టుకీ, కీసరగుట్ట కిందికీ వనభోజనాలకు బయలుదేరే ఆటోల్లో వంటసామానుతో పాటు ఇవన్నీ కలగలిసి వెళ్తాయి.

వంటకు ఏ కత్తి మంచిదన్న చర్చ ఇంత చిక్కుపడటానికి కారణం, నాలుగు వేర్వేరు ప్రశ్నలు ఒకే ప్రశ్నలా చలామణీ కావడమే. కూర్చుని కోయాలా, నిలబడి కోయాలా? ఇనుమా, స్టెయిన్‌లెస్సా? ఒక కత్తి చాలా, పది కావాలా? ఇంట్లో వాడేదే బయటికీ పనికొస్తుందా? వాదించేవాళ్లు ఒక ప్రశ్న అడిగితే ఇంకో ప్రశ్నకు జవాబు చెబుతుంటారు. ఈ నాలుగింటి వెనకా ఇంకొకటి దాగి ఉంది: కొన్న కత్తికి ఆరునెలల తర్వాత పదును పెట్టేది ఎవరు? మిగతావాటిలో చాలా భాగం దీన్ని బట్టే తేలుతుందని ఈ సమీక్ష అభిప్రాయం.

వెనుకటి సంగతి

ఉక్కు విషయంలో తెలంగాణకు పెద్ద పేరుంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుమును కరిగించి చేసిన ఉక్కు ముద్దలు పర్షియా దాకా వెళ్లేవి. లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశోధకుడిగా పనిచేసిన హెన్రీ వెస్లీ వాయిసీ ఆ పనిని కళ్లారా చూసి రాశాడు. ఆయన 1824లో పోయాడు, ఆ వివరణ 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు కొలిమి దగ్గరే కూర్చుని సరుకు పరీక్షించుకునేవాడని అందులో ఉంది. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్, కమ్మరి కొడుకైన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1820 ప్రాంతంలో దక్కన్ ఉక్కు రహస్యం పట్టుకోవడానికి ప్రయోగాలు చేశారు. 2010లో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో ఈ పాత కొలిమి జాగాలను సర్వే చేశాయి.

ఈ గొప్పను వంటింటి దాకా లాక్కురావడం మాత్రం సరికాదు. ఒకటిన్నర శాతం దాకా కర్బనం ఉండే ఆ ఉక్కు కత్తులకూ కటార్లకూ పోయిన సరుకు. పల్లె వంటింటి కత్తిపీటకు అలుగు వేసింది ఊరి కమ్మరి, మామూలు ఇనుముతో. అయితే ఆ ఏర్పాటులో ఇప్పుడు లేని సౌకర్యం ఒకటుండేది. ఆయగాళ్ల పద్ధతిలో రైతు ఏటా కమ్మరికి గింజలు కొలిచేవాడు. నాగటి కర్రు సాగదీయడం, కొడవలికి కక్కులు కొట్టడం, కత్తిపీటకు పదును పెట్టడం, అన్నీ ఆ గింజల్లోనే. అంటే కత్తితో పాటు సాన కూడా వచ్చేది. కొలిమి ఆరిపోయాక కత్తి ఒక్కటే మిగిలింది. మొదటి మలుపు అదే.

రెండో మలుపు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో వచ్చింది. 1913లో హ్యారీ బ్రియర్లీ క్రోమియం కలిపిన తుప్పు పట్టని ఉక్కు పోతపోశాడు. అక్కడి కత్తుల తయారీదారులు మొదట్లో దాన్ని కోయని కత్తి అని ఎగతాళి చేశారు. మనకు స్టెయిన్‌లెస్ ముందు గిన్నెల రూపంలో, ఆ తర్వాతే ప్లాస్టిక్ పిడి చాకుల రూపంలో వచ్చింది.

మూడో మలుపును కత్తుల చర్చలో ఎవరూ తలుచుకోరు. అది గ్యాస్ పొయ్యి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన దీపం పథకంతో లక్షల ఇళ్లకు సిలిండరు వచ్చింది. కట్టెల పొయ్యి నేల మీద ఉన్నంతకాలం కోయడమూ నేల మీదే సాగింది. పొయ్యి గట్టెక్కింది, దాని వెంట కూరగాయల పళ్లెం ఎక్కింది, ఆ వెనకే చాకు వచ్చింది.

కూర్చునా, నిలబడా

కత్తిపీట పనితీరు మామూలు చాకుకు పూర్తిగా తలకిందులు. కత్తి కదలదు, కాయ కదులుతుంది. పీటను పాదంతోనో మోకాలితోనో అదిమి, రెండు చేతులా కాయ పట్టుకుని వాదరకు ఎదురు తోస్తారు. ఒంటి బరువు సాయం ఉంటుంది కాబట్టి పెద్ద గుమ్మడికాయైనా, పనసకాయైనా లొంగుతుంది. కింద పలక అక్కర్లేదు, ముక్కలు నేరుగా గిన్నెలో పడతాయి. ఎడమచేతి వాటం వాళ్లకు వేరే కత్తి వెతుక్కోవాల్సిన బాధ లేదు. కొనకున్న పళ్లతో కొబ్బరి కోరుకోవచ్చు. ఇది మన ఒక్కరి సొత్తూ కాదు. తమిళుల అరువామణై, కన్నడిగుల ఈళిగె మణె, మరాఠీల విళి, బెంగాలీల బోటి అన్నీ ఒకే కుటుంబం. బోటి మీద చిత్రితా బెనర్జీ 2001లో గ్యాస్ట్రోనోమికా పత్రికలో రాసిన వ్యాసం ఈ చర్చకు ఇంగ్లిషు పాఠకుల్లో కూడా చోటు కల్పించింది.

కత్తిపీట సత్తా తెలియాలంటే కూరగాయల కన్నా చేపలు చూడాలి. కొర్రమీను ఒంటినిండా జిగురు. పలక మీద పెట్టి చాకుతో కోయబోతే జారి చాకు చేతి మీదికొస్తుంది. చేపలమ్మే ఆమె ముందు దాన్ని బూడిదలో పొర్లిస్తుంది, గరుకు బండ మీద రుద్ది పొలుసు తీస్తుంది, తర్వాత తలవైపు ఒక చేయి, తోకవైపు ఒక చేయి వేసి అలుగుకు అడ్డంగా ఒక్క తోపు తోస్తుంది. రెండు చేతులూ చేప మీదే ఉంటాయి కాబట్టి జారే సందే లేదు. నిలబడి కోసే పద్ధతిని సమర్థించేవాళ్లు ఎంత చెప్పినా, ఈ పని దగ్గర వాళ్ల వాదన నిలవదు.

అవతలి పక్షం వాదన కూడా తేలికది కాదు. మోకాళ్లు అరిగినవాళ్లు కింద కూర్చోలేరు, కూర్చున్నా లేవలేరు. పైకి చూస్తున్న అలుగు పాకే పిల్లలున్న ఇంట్లో ప్రమాదమే. పని కాగానే పక్కకు ఒరగబెట్టమనీ, దాటి వెళ్లొద్దనీ పెద్దవాళ్లు చెప్పిన కట్టుబాటు దీని కోసమే అయి ఉంటుంది. నేల మీద కోసేటప్పుడు దుమ్ము, వెంట్రుక చేరతాయి. ఒకే కొలతలో సన్నటి ముక్కలు కావాలంటే చాకు, పలకే నయం. ఉల్లిగడ్డను బిర్యానీకి సన్నగా తరిగే హోటల్ కుర్రాడి వేగం కత్తిపీట మీద రాదు.

నిలబడి వంట చేయడమే ఆధునికం అని వాదించేవాళ్లు ఒకటి గమనించాలి. నేటి గట్టు వంటింటికి మూలమని చెప్పే ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిని 1926లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ గీసినప్పుడు, కిటికీ దగ్గర కూర్చుని కూరగాయలు కోసుకోవడానికి తిరిగే స్టూలు కూడా పెట్టింది. మనం గట్టు తెచ్చుకున్నాం, స్టూలు తెచ్చుకోలేదు. ఎనిమిదిమందికి వండే ఇల్లాలు గంటసేపు నిలబడి చిక్కుడుకాయలు తుంచడం ఏ లెక్కన సౌఖ్యమో ఆలోచించాల్సిందే.

ఇనుమా, స్టెయిన్‌లెస్సా

ఈ చర్చలో ఒక పక్షం ఇనుప కత్తి తెగినట్టు ఏదీ తెగదంటుంది. రెండో పక్షం దాన్ని చింతపండు నీళ్లు తగిలితే నల్లబడే తలనొప్పిగా చూస్తుంది. రెండూ నిజమే.

ఇనుప కత్తితో అరటికాయ, అరటిపువ్వు, వంకాయ కోస్తే ముక్క త్వరగా నల్లబడుతుంది. వాటిలోని వగరు పదార్థాలు ఇనుముతో కలిసి నల్లటి రంగు కడతాయి. పచ్చిమామిడి, నిమ్మ, టమాట పులుపు వాదరనే తింటుంది. వాడిన వెంటనే కడిగి, తుడిచి, ఒక చుక్క నూనె రాస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. సింకులో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి తుప్పు. దీనికి బదులుగా దక్కేది, చిన్న రాయి మీద నాలుగు రుద్దులతో తిరిగొచ్చే పదును.

ఇప్పుడు ఇనుప కత్తి పేరుతో దొరికేదంతా ఒకటి కాదు. కమ్మరులు, ఊరూరా తిరిగే ఘిసాడీలు కొట్టే కత్తుల్లో పాత లారీల కమాను పట్టీలు ఎక్కువ. స్ప్రింగు ఉక్కులో కర్బనం అర శాతానికి కొంచెం పైన ఉంటుంది. కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచితే గట్టిపడుతుంది, మళ్లీ కొద్దిగా వేడిచేస్తే పెళుసుదనం పోతుంది. ఎముకలు కొట్టే కత్తికి ఇంతకన్నా మంచి పాత ఇనుము దొరకదు. సంతల్లో అమ్మే సన్నటి కూరగాయల చాకుల్లో కొన్ని విరిగిన హాక్సా బ్లేడులోంచి పుట్టినవి. అవి చాలా గట్టివి, బాగా తెగుతాయి, కిందపడితే పుటుక్కున విరుగుతాయి. ఏ ముక్క దేనిలోంచి వచ్చిందో, కాల్చినవాడి చేయి ఎలాంటిదో కొనేవాళ్లకు తెలిసే దారి లేదు. ఇనుప కత్తి మీద వచ్చే మెప్పులూ తిట్లూ రెండూ ఈ తేడాలోంచే వస్తాయి.

స్టెయిన్‌లెస్‌లోనూ అంతరాలున్నాయి. ఇరవై, ముప్పై రూపాయల చాకు పలుచటి రేకు. దాని వాదర వారంలో మడత పడుతుంది. జర్మనీలోని జోలింగెన్ పద్ధతిలో చేసే మంచి వంటకత్తుల ఉక్కులో అర శాతం కర్బనం, పదిహేను శాతం క్రోమియం ఉంటాయి. రాక్‌వెల్ కొలతలో దాని గట్టిదనం 56, 58 దగ్గర. జపాన్ కత్తులు 60 దాటుతాయి, వాదర కోణమూ సన్నన. జర్మన్ సంప్రదాయంలో ఒక్కో పక్క ఇరవై డిగ్రీలుంటే, జపాన్‌లో పదిహేను లేదా అంతకన్నా తక్కువ. గట్టిదనం పెరిగితే పదును ఎక్కువకాలం నిలుస్తుంది, కానీ పెచ్చు లేచే గుణమూ పెరుగుతుంది. నల్లీ బొక్కతో సహా మాంసం వండుకునే తెలంగాణ వంటింట్లో ఖరీదైన జపాన్ కత్తి కొనడం డబ్బులు పెట్టి దిగులు కొనుక్కోవడమే. ఒక్క బొక్క మీద పడితే అంచు పన్ను ఊడినట్టు ఊడుతుంది. వాదర మడత పడిన మెత్తటి కత్తిని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. పెచ్చు లేచినదాన్ని బాగుచేసే చేయి దొరకాలంటే నగరమంతా వెతకాలి.

క్యోసెరా కంపెనీ 1984 నుంచి అమ్ముతున్న పింగాణీ కత్తుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పండ్లకు బాగుంటాయి, రంగు మార్చవు. మామూలు రాయి వాటిని అరగదీయలేదు. గచ్చు మీద పడితే రెండు ముక్కలు.

ఎన్ని కావాలి

పాశ్చాత్య వంట పుస్తకాలు మూడు చెబుతాయి: ఎనిమిది అంగుళాల పెద్దది, చిన్న తొక్కతీసేది, రొట్టె కోసే పళ్లది. మూడోది మన ఇళ్లలో చాలావరకు డబ్బాలోనే ఉంటుంది. ఒకే మంచి కత్తి కొనుక్కుని అన్నిటికీ వాడుకోమనే పక్షం ఈమధ్య బలపడింది. ఆ మాట సొగసుగా ఉంటుంది, తెలుగు ఇంట్లో మాత్రం నడవదు. నీసు కత్తి వేరు, కూరగాయల కత్తి వేరు అనే పట్టింపు ఉన్న ఇళ్లు లెక్కలేనన్ని. పచ్చి కోడిమాంసం కోసిన కత్తితో కీరదోస కోయకూడదని ఆహార భద్రత చెప్పేవాళ్లు ఇప్పుడు అంటున్నది కూడా అదే. కారణాలు వేరైనా నడిచే దారి ఒకటే. గుమ్మడికాయకు మొదటి వేటు మగవాళ్లే వేయాలన్న ఆచారం వెనక ఏముందో గానీ, గట్టి కాయకు బరువైన కత్తి, బలమైన చేయి కావాలన్న మాటైతే అందులో ఉంది.

కొన్ని పనులకు ఇంట్లో కత్తే అక్కర్లేదు. ఆవకాయకు కాయలు కొట్టడం అలాంటిది. టెంకతో సహా, జీడి పక్కకు పోయి ప్రతి ముక్కకూ పెంకు అంటుకుని ఉండేలా ఒక్క దెబ్బలో తెగాలి. చెక్కకు మడతబందుతో బిగించిన బరువైన అలుగును పైనుంచి దించే కత్తి దీనికోసమే పుట్టింది. రైతుబజార్ల దగ్గర వేసవిలో కిలోకింతని తీసుకుని కొట్టిచ్చేవాళ్లున్నారు. ఏడాదికి ఒక పూట పనికోసం ఆ కత్తి కొనడం దండగ. గోదావరి జిల్లాల్లో పనసపొట్టు కొట్టేవాళ్ల దగ్గరా అంతే. చేతికి నూనె రాసుకుని, కాయను తిప్పుతూ సన్నగా పొట్టులా రాల్చే ఆ విద్య కత్తి కొంటే రాదు.

చెట్టు కింద, గుడారం దగ్గర

బయటి వంటకు కత్తి గురించి ప్రపంచంలో రాసిందంతా ఒక మనిషిని ఊహించుకుని రాసింది: వీపున సంచితో అడవిలో ఒంటరిగా నడిచేవాడు. అతని కోసం ఫ్రాన్స్ సవోయ్ ప్రాంతపు జోసెఫ్ ఒపినెల్ 1890లో చెక్క పిడి మడత చాకు చేశాడు. తెరిచాక ముడుచుకోకుండా ఆపే ఉంగరం 1955లో దానికి చేరింది. స్విట్జర్లాండ్‌లో విక్టోరినాక్స్ సైనికుల కోసం చేసిన చాకు కథ కూడా ఒపినెల్ తొలి చాకు కాలానిదే. స్వీడన్ మోరా పట్నం పేరున్న మడవని కత్తులు ఇంకో దారి. మడత చాకా, మడవని కత్తా అన్న పోరు వీటి మధ్యే నడుస్తుంది. మడిచేది జేబులో పడుతుంది, కానీ కీలు సందులో మాంసం కొవ్వు చిక్కి కంపు కొడుతుంది. వానాకాలం తేమకు చెక్క పిడి ఉబ్బి అలుగు తెరుచుకోదు. మడవనిది కడగడం తేలిక, మోయడానికి తొడుగు కావాలి. అనంతగిరి కొండల్లోనో లంబసింగిలోనో ఒక రాత్రి గుడారంలో గడిపే ఇద్దరు ముగ్గురికి నాలుగంగుళాల మడవని చాకు సరిపోతుంది. ఆ మాత్రం వంటకు ఇంతకు మించిన చర్చ అనవసరం.

మన బయటి వంట అసలు రూపం వేరు. శామీర్‌పేట దగ్గరో, ఏ ఉసిరి చెట్టు కిందనో యాభైమందికి పులిహోర, వంకాయకూర. ఇంకా పెద్దది మేడారం. రెండేళ్లకోసారి మాఘమాసంలో ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో సమ్మక్క సారలమ్మ జాతరకు వచ్చినవాళ్లు జంపన్నవాగు చుట్టూ పరదాలు కట్టుకుని రెండు మూడు రోజులుంటారు. మూడు రాళ్ల పొయ్యి, కోళ్లు, ఒక్కోసారి మేక. ఇక్కడ గట్టు లేదు, పలక పెట్టే సమతలం లేదు, వెలుతురు తక్కువ, చుట్టూ పిల్లలు, నీళ్లు మోసుకొచ్చినవి.

ఇలాంటిచోట ఆశ్చర్యంగా గెలిచేది కత్తిపీటే, ముఖ్యంగా అలుగు పీట మీదికి మడిచిపెట్టుకునే రకం. నేల మీద చేసే పనికి నేల మీది పరికరమే కుదురుతుంది. ఒకామె చేత్తో పాతిక కిలోల కూరగాయలు పూట తిరక్కుండా తెగుతాయి. పెద్ద వంటలకు పోయే వంటవాళ్లు చాలామంది ఎక్కడికెళ్లినా తమ కత్తిపీట తామే తీసుకుపోవడానికి కారణం ఇదే. ఇంట్లో ఓడిపోతున్న పరికరం చెట్టు కింద ఇంకా రాజ్యమేలుతున్న సంగతి, అది పాతబడిపోయిందని తీర్పు చెప్పేవాళ్ల లెక్కలోకి రావడం లేదు.

మాంసానికి ఇంకో కత్తి తప్పదు. మేకను కోసి ముక్కలు కొట్టే బరువైన కత్తికి కింద మొద్దు ఉండాలి. కటికవాళ్లు చింతమొద్దునే ఎంచుకుంటారు, దాని చేవ గట్టిది, త్వరగా పొడి రాలదు. జాతరకు మొద్దు మోయలేరు కాబట్టి కోడి దాకా సొంతంగా, మేకైతే అక్కడ కొట్టిచ్చేవాళ్ల చేత చేయించుకోవడం తెలివైన పని. మాంసపు కత్తితోనే కట్టెలు చీల్చడం, మట్టి తవ్వడం చూస్తుంటాం. కట్టెలకు గొడ్డలి వేరే ఉండాలి. వాదర పోవడం ఒకటైతే, ఆ మట్టి కూరలోకి రావడం రెండోది. ప్రయాణంలో అలుగుకు నిలువునా చీల్చిన పాత నీళ్లపైపు ముక్క తొడిగితే అంతకన్నా చవకైన ఒర లేదు.

చట్టం గురించిన భయం కూడా ఈ సందర్భంలోనే వస్తుంది. 1959 ఆయుధాల చట్టం ఇంటి పనికీ వ్యవసాయానికీ మాత్రమే చేసిన వస్తువులను ఆయుధాల కింద లెక్కించదు. 2016 నిబంధనలు తొమ్మిది అంగుళాలకన్నా పొడవు, లేదా రెండు అంగుళాలకన్నా వెడల్పు ఉన్న అలుగులను పేర్కొంటూనే ఇంటి, వ్యవసాయ, పరిశ్రమ అవసరాల కోసం చేసినవాటిని పక్కన పెట్టాయి. అయినా పోలీసులు నిషేధాజ్ఞలు పెట్టిన రోజున నడుముకు దోపుకున్న కత్తికీ, వంటపాత్రల మూటలో చుట్టిపెట్టిన కత్తికీ చాలా తేడా ఉంటుంది. విమానమైతే చేతిసంచిలో ఏ చాకూ కుదరదు.

కింద ఏముంది

కత్తి ధర గురించి గంటలు మాట్లాడేవాళ్లు దాని కింద పెట్టేదాని గురించి మాట్లాడరు. తెలంగాణ నేల గ్రానైట్‌కు పెట్టింది పేరు, చాలా వంటిళ్ల గట్లూ ఆ రాయే. ఆ రాతిలోని క్వార్ట్జ్ కత్తి ఉక్కుకన్నా గట్టిది. పలక లేకుండా గట్టు మీదే ఉల్లిగడ్డ తరిగితే రెండు వేల రూపాయల కత్తైనా పక్షం రోజుల్లో మొద్దుబారుతుంది. అద్దం పలకలూ, స్టీలు పళ్లేలూ అంతే. కత్తి కోయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో సగం నిజానికి రాతి మీద చేయాల్సినవి.

చెక్కా, ప్లాస్టికా అన్నదానిమీద కొంత శాస్త్రం ఉంది. ప్లాస్టిక్ శుభ్రమన్న నమ్మకం బలంగా ఉన్న రోజుల్లో, 1990లలో, అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త డీన్ క్లైవర్ బృందం రెండింటినీ పరీక్షించింది. కొత్త ప్లాస్టిక్ తేలిగ్గా శుభ్రపడింది. కత్తి గాట్లు పడ్డ ప్లాస్టిక్‌లో మాత్రం బ్యాక్టీరియా దాక్కుంది. చెక్క తేమతో పాటు బ్యాక్టీరియాను లోపలికి లాగేసుకుంది, అక్కడవి పెరగక క్రమంగా చచ్చాయి. దీంతో చెక్కే ఎప్పుడూ మేలని తేలిపోలేదు, వానాకాలం ఆరని పలకకు బూజు పడుతుంది. గాట్లు పడ్డ ప్లాస్టిక్ పలకను పారేయాలన్నది మాత్రం అన్ని పక్షాలూ ఒప్పుకునే మాట.

సాన ఎవరు పడతారు

ఇప్పుడు అసలు ప్రశ్న. మొద్దు కత్తే ఎక్కువ వేళ్లు కోస్తుంది. టమాట తొక్క మీద దిగక జారినప్పుడు చేయి బలం పెంచుతుంది, ఆ బలం వేలి మీదికి వస్తుంది. కత్తి పదునుగా ఉందో లేదో టమాటే చెబుతుంది: బరువు వేయకుండా లాగితే తొక్క తెగాలి.

సాన పట్టే మార్గాలు మూడు. మొదటిది సైకిల్ మీద చక్రం బిగించుకుని కాలనీల్లో తిరిగే మనిషి. తొక్కుడు చక్రంతో నిదానంగా, నీళ్లు చల్లుతూ పట్టేవాడు దొరికితే అదృష్టం. మోటారు చక్రానికి పొడిగా అదిమితే నిప్పురవ్వలు చూడటానికి బాగుంటాయి గానీ, వాదర మూడు వందల డిగ్రీల దాకా వేడెక్కితే ఇనుప కత్తి అంచున నీలిరంగు తేలుతుంది. అలా తేలిన అంచు మెత్తబడిపోయినట్టే, మళ్లీ అంత లోతు అరగదీస్తే తప్ప పాత గట్టిదనం రాదు.

రెండోది ఇంట్లో రాయి. ఎడ్వర్డ్ ఆచెసన్ 1891లో అమెరికాలో తయారుచేసిన కార్బొరండం ఇవాళ ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా రెండు ముఖాల రాయిగా దొరుకుతుంది, ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు. కత్తి వీపును రాతి మీదినుంచి కొద్దిగా ఎత్తి, ఆ వాలు మారకుండా రెండు పక్కలా సమంగా రుద్దాలి. అంచున అవతలి పక్కకు వేలికి తగిలీ తగలనట్టు సన్నటి రేకు లేచిందంటే ఆ పక్క అయింది. పల్లెల్లో చేసినట్టు గుమ్మం ముందు బండ మీద నూరడం కూడా కొంతే పనిచేస్తుంది. ఇసుకరాయి అయితే పదును పెడుతుంది. మన ఇళ్లలో పరిచే షాబాద్, తాండూరు బండలు సున్నపురాయి జాతి, ఉక్కును అరగదీసే గట్టిదనం వాటికి తక్కువ. కత్తికి పట్టిన తుప్పు పోయి మెరిసేసరికి పదునెక్కిందనుకుంటాం.

మూడోది సందులో పెట్టి లాగే చిన్న పరికరం. చవక స్టెయిన్‌లెస్ చాకుకు పరవాలేదు. గట్టి ఉక్కు అంచును మాత్రం కొరికి పెట్టినట్టు చేస్తుంది.

దీన్ని బట్టి పక్షాలను మళ్లీ చూస్తే వాదన కొంత విడిపోతుంది. ఇంట్లో రాయి పట్టే ఓపిక ఉన్నవాళ్లకు ఇనుప కత్తి, దానిమీద శ్రద్ధ రెండూ సార్థకం. సాన మనిషి మీద ఆధారపడే ఇంటికి మధ్యరకం స్టెయిన్‌లెస్ మేలు, ఎందుకంటే ఎవరు పట్టినా అది కొంత తట్టుకుంటుంది. రెండూ లేనివాళ్లు ఖరీదైన కత్తి కొనడంలో అర్థం లేదు. వంద రూపాయల చాకు కొని, అరిగాక మార్చుకోవడం తక్కువ నష్టం. అలా మార్చినవన్నీ చివరికి చేరేది చెత్తబుట్టకే అన్న సంగతి, హైదరాబాద్ చెత్తంతా మోస్తున్న డంప్‌యార్డు పక్కనే బతికే జవహర్‌నగర్ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇనుప కత్తిపీట అరిగిపోయినా పాత ఇనుప సామాన్లవాడు తూకం వేసి కొంటాడు. ప్లాస్టిక్ పిడికి అతుక్కున్న పలుచటి రేకును ఎవరూ విడదీసి తీసుకోరు.

ఇంకా తేలనివి

మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు కత్తిపీట మాన్పించడమా, పీటనే ఎత్తుగా మార్చడమా అన్నదానిమీద వైద్యులదొక మాట, వండేవాళ్లదొక మాట. బల్ల మీద కత్తిపీట పెట్టి కుర్చీలో కూర్చుని కోసేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. కాళ్లతో అదిమే పట్టు పోయాక పీట కదలకుండా బిగించే సాధనం దానికి తగ్గట్టు రావాలి. లేకపోతే నేల మీద ఉన్న భద్రత కూడా పోతుంది.

కత్తి మీద అచ్చు సంగతి మరోటి. దుకాణంలో దొరికే చాలా చాకుల మీద స్టెయిన్‌లెస్ స్టీల్ అన్న రెండు మాటలే ఉంటాయి, ఏ ఉక్కో, గట్టిదనం ఎంతో ఉండదు. కమ్మరి చేసిన కత్తి మీద ఆ రెండు మాటలూ ఉండవు. కంపెనీలను వివరాలు అచ్చువేయమని అడగడం ఒక పక్షం కోరిక. కొలిమి పనివాళ్లకు కాల్చి చల్లార్చే పద్ధతిలో ఒక ఒరవడి నేర్పి, కమాను పట్టీ కత్తులకే నమ్మకమైన పేరు తేవాలన్నది ఇంకో పక్షం ఆలోచన. మొదటిది తేలిక, దానివల్ల లాభపడేది చదివి కొనేవాళ్లు. రెండోది కష్టం. అయితే అందులో కత్తి చేసినవాడే దాని సానకూ దగ్గరలో ఉంటాడు. గింజలకు బదులు డబ్బు తీసుకుని, రైతుబజారు పక్కన వారానికో రోజు కొలిమి బండి నిలిపే కమ్మరికి బేరం గిట్టుతుందా అన్నది ఇంకా ఎవరూ లెక్కకట్టి తేల్చిన విషయం కాదు.